ఇట్రియా వదిన పిండిసంచి

ఆగస్టు 15, గురువారం

ఇది దెలియా ఆరో తరగతి లెక్కల నోటుబుక్కు. వెనక సగం ఖాళీ. ఈ రోజు కన్నకూతురికి అబద్ధం చెప్పాను, నిజం ఎక్కడో ఒకచోట రాసిపెడదామని అటకమీంచి దీన్ని దించాను.

చర్చి పండగ భోజనానికి దెలియా, కాబోయే అల్లుడు మిక్కెలే వచ్చారు. పుచ్చకాయ కోస్తుంటే దెలియా అడిగింది. "అమ్మా, పెళ్ళి ఏడో తారీఖు కదా, నాలుగున రొట్టెల పని మొదలెడదాం. తల్లిపిండి బాగుందిగా?"

"బ్రహ్మాండంగా ఉంది. కుండలోంచి పొంగిపోతోంది" అన్నాను.

కుండ ఖాళీ. ఇరవైఒక్క నెలలుగా ఖాళీ.

తల్లిపిండి మా అత్తగారిది, ఆవిడ అత్తగారిది, ఆ పైన ఎవరిదో మాకు తెలియదు. రొట్టెలు చేసిన ప్రతిసారీ గుప్పెడు పులిసిన పిండి తీసి కుండలో దాస్తాం, వచ్చే వారం పిండిని అదే పొంగిస్తుంది. పెళ్ళిరొట్టె దానితోనే పొంగాలి. కత్తెరతో పిట్టలు, పూలు కత్తిరించి ఎంత అందంగా చేసినా బజారు ఈస్టుతో పొంగితే అది మా ఇంటి రొట్టె కాదు. పెళ్ళయ్యాక అందులోంచే ఒక ముద్ద దెలియాతో కొత్త ఇంటికి వెళ్ళాలి. ఇదంతా నాకు నేను ఎందుకు చెప్పుకుంటున్నానో. భయం వేసినప్పుడు తెలిసిందే మళ్ళీ చెప్పుకుంటాం కాబోలు.

దెలియాకు నూరో పట్నంలో ఉద్యోగం, నెలకోసారి వస్తుంది. బజారు రొట్టె పెడితే "ఒక్కదానికోసం పొయ్యి ఏం వెలిగిస్తావులే" అని తనే సర్దిచెప్పుకుంటుంది. గ్యాసు మీద చారు కాచుకుంటున్నాను. అది పొయ్యి కింద లెక్క కాదని తీర్పు నేనే ఇచ్చుకున్నాను.

మా ఊళ్ళో చావు జరిగిన ఇంట్లో ఏడాదిపాటు పొయ్యి వెలిగించరు, పులిసిన పిండి ఉంచరు. ఎవరో ఒకరు తీసుకెళ్ళి తమ ఇంట్లో దాన్ని బతికిస్తారు. ఆ నవంబరులో మా ఇంటినిండా జనం. ఎవరు తీసుకెళ్ళారో నేను చూడలేదు. పారేశారేమో కూడా.

చూడలేదు, అంతే.

ఆగస్టు 16

కుండ కడిగాను. శుభ్రంగానే ఉంది. అయినా కడిగాను.

ఆగస్టు 17, శనివారం

ఉపాయం తట్టింది. మా ఇంటి తల్లిపిండి తీసుకుని కాపురాలకు వెళ్ళినవాళ్ళు ముగ్గురున్నారు. ఒజియేరిలో గవీనా, బోసాలో పెప్పినా, దక్షిణాన సంత్ అంతియోకోలో విస్సెంతా అత్త. ముగ్గురూ మా ఆయన బస్తియానో వైపు చుట్టాలే. ఒక్కరి దగ్గరైనా బతికి ఉండదా? మా దీవి చుట్టూ కారులో తిరిగి రావడం, పది రోజులు.

తల్లిపిండికి మూడే నియమాలు. అడిగితే లేదనకూడదు. అడక్కుండా ఇవ్వకూడదు. తీసుకున్నవాళ్ళు కృతజ్ఞత చెప్పకూడదు, చెబితే పిండి పొంగదు. చెప్పి చూసినవాళ్ళెవరో నాకు తెలియదు కానీ, పొంగదట.

దెలియాకు ఫోన్ చేసి, సముద్రగాలి ఒంటికి మంచిదని డాక్టరు చెప్పాడన్నాను. ఏ డాక్టరు అంది. కొత్తాయన అన్నాను. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికోసం అన్నట్టుంది నా సంగతి.

ఆగస్టు 18, ఆదివారం, ఒజియేరి

ఉదయం ఆరింటికి బస్తియానో తెల్ల కారు బయటికి తీశాను. సీటు కింద ఇంకా బెండు పొట్టు ఉంది. ఆయన ముప్ఫైయేళ్ళు బెండుచెట్ల బెరడు ఒలిపించిన మనిషి, ఎంత ఊడ్చినా పోదు. ఆయన టోపీ అద్దం ముందు ఎక్కడ పెట్టాడో అక్కడే ఉంది. దాన్ని నేను కదపను.

ఇంజన్ చప్పుడు విని ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఇట్రియా వదిన. బస్తియానోకి అక్క, డెబ్బైనాలుగేళ్ళు, పాదాలదాకా నల్ల గౌను, నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషి తొమ్మిది నెలలుగా నాతో "ఎండగా ఉంది", "వానగా ఉంది" తప్ప మాట్లాడలేదు. కారణం నాకు తెలియదు.

చేతిలో బట్టల మూట, గుడ్డసంచి.

"ఎక్కడికే?"

"ఊరికే. దీవి చుట్టూ."

"నేనూ వస్తా. సముద్రం చూసి పదకొండేళ్ళయింది" అని ముందు సీట్లో కూర్చుంది. సంచి కాళ్ళ మధ్య పెట్టుకుంది.

"ఆ సంచిలో ఏంటి వదినా?"

"పిండి. మోకాలికి పిండికట్టు వేసుకోవాలి రోజూ. వేరే పిండి నాకు పడదు."

పడకపోతే పోనీ. సంచిలో ఏముంటే నాకెందుకు.

గవీనా ఇంటికి పదింటికి చేరాం. నా వయసుదే, పెళ్ళిళ్ళలో తప్ప కలవం. అడగనే అడిగాను, అది మాత్రం అడిగాను. "గవీనా, తల్లిపిండి ఉందా?"

"అయ్యో, చచ్చిపోయిందే తల్లీ. కోడలు దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి కరెంటు తీసి ఊరెళ్ళింది. వచ్చి చూస్తే లోపల అడవి మొలిచింది. ఇప్పుడు పొట్లం ఈస్టే వాడుతున్నా. అత్తగారి ఫొటోని గోడవైపు తిప్పి మరీ వాడుతున్నా" అని నవ్వింది.

నిజంగానే ఫొటో గోడవైపు తిరిగి ఉంది. నేనూ నవ్వాను. ఎన్నాళ్ళకి నవ్వానో. రాత్రికి ఉండిపొమ్మని బాదం మిఠాయి పెట్టింది, తన మంచం మాకిచ్చి తను సోఫాలో పడుకుంటానంది. ఎంత మంచిదో. పిండి లేదు కాబట్టి దీనికి నిక్షేపంగా కృతజ్ఞత చెప్పుకోవచ్చు. చెప్పాను.

ఇట్రియా వదిన వంటింట్లో తలుపేసుకుని పిండికట్టు వేసుకుంది. అరగంట పట్టింది.

ఆగస్టు 20, మంగళవారం, బోసా

పెప్పినా దగ్గర తల్లిపిండి ఉంది. బతికి ఉంది. నిన్న పొద్దున వెళ్ళేసరికి బల్లమీద తెల్లటి గుడ్డ కింద బుసబుసా పొంగుతోంది.

"మీ ఇంటిదే, మా అత్తగారి పిండితో కలిపాను, ముప్ఫైయేళ్ళయింది. అత్తాకోడళ్ళం మేం కలవలేదు కానీ పిండ్లు బాగా కలిశాయి" అంది పెప్పినా. రొట్టె విరిచిపెట్టింది, దానిమీద టమాటా రుద్దింది, గ్లాసులో వైన్ పోసింది. ఇంకా ఏం కావాలో చెప్పమంది. మూడుసార్లు అడిగింది. ఇట్రియా వదిన బల్ల కింద నా కాలు తొక్కింది. రెండో రోజు కూడా అక్కడే ఉన్నాం, ఆ గుడ్డ వైపు చూస్తూ.

అడగలేదు.

నోరు రాలేదు అనడం తప్పు. కలిసిన పిండి కాబట్టి అడగలేదు. మా ఇంటిది మా ఇంటిదిలా ఉండాలి. దెలియాకు కల్తీ పిండి ఎలా ఇస్తాను?

కారెక్కాక వదిన అంది. "రెండు రోజులు ఆవిడ తిండి తిని, అడగాల్సింది అడక్కుండా వచ్చావు."

"కలిసిన పిండి వదినా."

"నువ్వూ మా ఇంటికి కలిసినదానివే. నిన్ను పారేశామా?"

ముప్ఫైరెండేళ్ళ కిందట మైదానం ఊరినుంచి ఈ కొండలకు వచ్చినప్పుడు నా యాస విని పిల్లలు నవ్వుతుంటే, వాళ్ళ చెవులు మెలిపెట్టింది ఈవిడే. అది మర్చిపోయానని కాదు.

ఆగస్టు 21, బుధవారం, కాబ్రాస్ దగ్గర

గోరుచుట్టు మీద రోకటిపోటు. ఉప్పుచెరువు పక్కన టైరు పేలింది. నీడ లేదు. వదిన కారు దిగి, తను ఎండలో నిలబడి సంచిని మాత్రం కారు నీడలో పెట్టింది, తడిగుడ్డ కప్పింది.

"పిండికి ఎండదెబ్బ తగులుతుందా?" అన్నాను.

"నీకు తగిలింది కదా, రెండేళ్ళయింది" అంది.

చేపలు పట్టేవాళ్ళ కుటుంబం ఒకటి వ్యానులో పోతూ ఆగింది. తండ్రి, ఇద్దరు అల్లుళ్ళు. మాట కూడా అడక్కుండా టైరు మార్చారు. తండ్రి మా ఇద్దరినీ ఎగాదిగా చూసి "ఒదిన మరదళ్ళా?" అన్నాడు. ఎలా తెలిసిందంటే, "అక్కచెల్లెళ్ళయితే ఈపాటికి కొట్టుకునేవాళ్ళు, మీరు మాటలతో పొడుచుకుంటున్నారు" అన్నాడు. ఇంటికి తీసుకెళ్ళి కాల్చిన చేపలు పెట్టారు. ఎండబెట్టిన చేపగుడ్ల కడ్డీ ఒకటి కాయితంలో చుట్టి వదిన చేతిలో పెట్టారు. డబ్బు తీయబోతే ముసలాయన ముఖం ముడుచుకుంది, మళ్ళీ లోపల పెట్టేశాను.

లోకంలో ఇంతమంది మంచివాళ్ళున్నారని ఇంట్లో కూర్చుంటే తెలియదు. రెండేళ్ళు ఇంట్లోనే కూర్చున్నాను.

తిరిగి కారెక్కగానే గొడవ. ఎండ కళ్ళలో పడుతోందని వదిన బస్తియానో టోపీ తీసి పెట్టుకుంది. మామూలుగా, తనదే అన్నట్టు.

కారు రోడ్డు పక్కకి ఆపాను. "తీయి" అన్నాను.

"ఎందుకు?"

"అక్కడ పెట్టు. ఆయన పెట్టిన చోట."

"టోపీ తలకోసం చేశారే. అద్దం కోసం కాదు."

"వదినా, తీయి."

తీసి పెట్టింది. కానీ కొంచెం పక్కకి పెట్టింది, సరిగ్గా అక్కడ కాదు. నేను సర్దబోయాను. సరిగ్గా ఎక్కడుండేదో నాకే గుర్తు రాలేదు.

ఆగస్టు 22

ఇగ్లేసియాస్‌లో బస. వేడి. రాయడానికి ఏమీ లేదు. వదిన అరగంట పిండికట్టు.

ఆగస్టు 23, శుక్రవారం, సంత్ అంతియోకో

జరిగింది జరిగినట్టు రాస్తాను.

విస్సెంతా అత్తకి ఎనభైఆరు. బస్తియానో మేనత్త, అరవైయేళ్ళ కిందట ఓడల్లో పనిచేసేవాడిని చేసుకుని ఇక్కడికి వచ్చింది. ఇంటి ముందు కుర్చీలో కూర్చుని బీన్స్ ఒలుస్తోంది. నన్ను దగ్గరికి లాక్కుని ముఖం తడిమింది, చిక్కిపోయావంది. వదినను చూసి "నువ్వింకా బతికే ఉన్నావా" అంది. "నీకోసమే ఆగాను, ముందు నువ్వు" అంది వదిన. ఇద్దరూ బాగా నవ్వుకున్నారు.

అత్త దగ్గర తల్లిపిండి ఉంది. కలవనిది, అచ్చంగా మా ఇంటిది. నాకు చూపించింది కూడా.

ఈసారి అడిగాను. "అత్తా, దెలియా పెళ్ళికి ఒక ముద్ద ఇవ్వు."

అత్త బీన్స్ ఒలవడం ఆపింది. "మీ కుండలోది చచ్చిందా?"

"కుండ ఖాళీగా ఉంది."

"నేనడిగింది అది కాదమ్మాయ్. బస్తియానో చచ్చిపోయిన రోజు పిండిని ఎవరు మోసుకెళ్ళారు?"

ఆ మాట అంత మామూలుగా ఎలా అనగలిగిందో. బీన్స్ ఒలిచినంత మామూలుగా.

"జనం చాలా ఉన్నారు. నేను చూడలేదు" అన్నాను.

అత్త నన్ను చూడలేదు. వదిన వైపు చూసింది. వదిన సముద్రం వైపు చూసింది. అక్కడ ఒక పడవ కూడా లేదు, చూడటానికి.

"అయితే నేనివ్వను" అంది అత్త. "అడిగితే లేదనకూడదని నాకూ తెలుసు. కానీ తల్లి బతికుండగా పిల్ల దగ్గర అడగడం అడగడం కాదు. ఏడాది తిరగ్గానే ఆ ఇంటి ఆడది వెళ్ళి, మోసుకెళ్ళినవాళ్ళ తలుపు తట్టి, పొయ్యి వెలిగిస్తున్నానని చెప్పి అడగాలి. వాళ్ళంతట వాళ్ళు తెచ్చి ఇవ్వకూడదు. ఎన్నేళ్ళయినా ఇవ్వకూడదు. నువ్వు ఎవరి తలుపైనా తట్టావా?"

నేను లేదన్నాను.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిందట వెనకటికి ఒకతె. నువ్వు ఊరు కాదు, దీవంతా వెతుకుతున్నావు" అని బీన్స్ గిన్నె నా ఒళ్ళో పెట్టింది. "ఒలువు. భోజనం వేళయింది."

ఒలిచాను. పుదీనా, బంగాళదుంప కూరిన కుడుములు చేసిపెట్టింది. వెళ్ళేటప్పుడు నా నుదుటిమీద ముద్దుపెట్టుకుంది. కోపం రావాల్సింది. రాలేదు.

ఆగస్టు 24

ఈ రోజు ఏమీ రాయను.

ఆగస్టు 25, ఆదివారం, మురవేరా

నిన్నంతా ప్రయాణం. కారులో నాలుగు గంటలు. రేడియో కూడా పెట్టలేదు.

ఈ రోజు వదిన సముద్రంలోకి దిగుతానంది. ఒడ్డు నిండా జనం, గొడుగులు, పిల్లలు. నల్ల గౌను మోకాళ్ళదాకా ఎత్తి కట్టుకుంది. మోకాలికి కట్టు లేదు. కట్టిన గుర్తు కూడా లేదు, రోజూ అరగంట కడుతున్న మోకాలికి.

"ఇది పట్టుకో" అని సంచి నా ఒళ్ళో పెట్టింది. ఇన్ని రోజుల్లో ఆ సంచి నా చేతికి ఇవ్వడం ఇదే మొదటిసారి. "కింద పెట్టకు. ఎండలో పెట్టకు. విప్పకు."

విప్పలేదు. బరువుగా ఉంది. పిండి మధ్యలో గట్టిగా, గుండ్రంగా గిన్నె తగులుతోంది. ఎండకి కాబోలు, వెచ్చగా ఉంది. దెలియా కడుపులో ఉన్నప్పుడు ఇలాగే రెండు చేతులూ చుట్టి కూర్చునేదాన్ని.

వదిన నీళ్ళలో నిలబడి కేకపెట్టింది. "చల్లగా ఉందే. వాడికి ఈత రాదు, తెలుసా నీకు? దీవిలో పుట్టి ఈత రాదు. పెళ్ళికి ముందు నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

ముప్ఫైరెండేళ్ళలో నాకు ఈ సంగతి తెలియదు. సముద్రానికి తీసుకెళ్ళమన్నప్పుడల్లా అడవిలో పనుందనేవాడు. నవ్వొచ్చింది. నవ్వుతుంటే సంచి కూడా కడుపుమీద కదిలింది. ఆయన గురించి కొత్త సంగతి ఒకటి ఇంకా తెలుస్తుందని అనుకోలేదు.

సంచిలో ఏముంటే నాకెందుకని ఇంక రాయను.

ఆగస్టు 26, సోమవారం, దోర్గాలి

అక్షరాలు వంకరపోతున్నాయి. పర్వాలేదు, చదివేది నేనేగా.

బావునేయి దాటాక ఎత్తు రోడ్డు. మిట్టమధ్యాహ్నం. కనుమ ఎక్కుతుంటే ఇంజన్ వేడెక్కి పొగ వచ్చింది. పక్కకి ఆపాను. దిగి, మూత ఎత్తి, కాసేపు ఆగి నీళ్ళు పోశాను. ఇంక చల్లారేదాకా చేసేది లేదు. కింద లోయ, పైన రాళ్ళు, మేకలు. మనిషన్నవాడు లేడు.

ఎదురద్దంలోంచి వదిన కనిపిస్తోంది. కళ్ళు మూసుకుని కూర్చుంది. నిద్ర కాదు, ఆవిడ నిద్రపోతే నోరు తెరుచుకుంటుంది. టోపీ ముందరే ఉంది, ఆవిడకి ఎండ కొడుతున్నా ముట్టుకోలేదు.

ఆ రోజు నేను చూశాను.

అది రాయకుండా ముందుకు పోలేను. చూశాను. ఆయన్ని పడుకోబెట్టిన పెట్టె మూస్తున్నప్పుడు ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది, కుండలోని పిండిని గిన్నెలోకి తీసి శాలువా కింద పెట్టుకుని బయటికి వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి నా కళ్ళలోకి చూసింది. నేను తలూపాను. ఇరవై అడుగుల దూరం ఆవిడ ఇల్లు. మొదటి ఏడాది తిరిగిన రోజున ఆవిడ పొద్దుటినుంచీ తలుపు తెరుచుకుని కూర్చుంది. నేను కిటికీ మూసుకున్నాను. మర్నాటినుంచే ఎండగా ఉంది, వానగా ఉంది.

కారు చుట్టూ తిరిగి ఆవిడ వైపు వెళ్ళాను. అద్దం ఎత్తి ఉంది. వేలితో తట్టాను.

వదిన కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. తలుపు తీయలేదు.

"ఎవరది?" అంది లోపలినుంచి.

"నేనే, రైమోండాని."

"ఏ ఇంటి రైమోండా?"

దీనికి జవాబు ఒక్కటే ఉంది. ఆ ఒక్క మాట అనాల్సి వస్తుందనే ఇరవైఒక్క నెలలు ఇరవై అడుగులు దాటలేదు. ఈ పుస్తకంలో కూడా నా అంతట నేను ఎక్కడా రాయలేదు, ఇప్పుడు వెనక్కి తిప్పి చూసుకున్నాను. మేకలు రోడ్డు దాటాయి. చివరి మేక కూడా దాటింది. వదిన తొందరపెట్టలేదు.

"చనిపోయిన బస్తియానో ఇంటి రైమోండాని" అన్నాను.

"ఏం కావాలి?"

"ఏడాది తిరిగింది. పొయ్యి వెలిగిస్తున్నాను. నా పిండి నాకివ్వు."

"ఏడాదా?" అంది వదిన. "ఏడాది అయి తొమ్మిది నెలలు."

అప్పుడు అద్దం దింపింది. సంచి అందులోంచి పట్టలేదు. తలుపు తీసి, కాళ్ళు బయట పెట్టి, సంచి ఒళ్ళో పెట్టుకుని విప్పింది. పొడిపిండి మధ్యలో మా అత్తగారి మట్టిగిన్నె. గుడ్డ తీస్తే లోపల తెల్లగా, గుండ్రంగా, పైన వేలితో గీసిన శిలువ గుర్తుతో. పొంగి, శిలువ కొంచెం విచ్చుకుంది. ఒజియేరిలోనే ఈ వాసన నాకు తెలుసు. తెలియకపోవడమేమిటి, ఈ వాసనలో ముప్ఫైయేళ్ళు బతికాను.

"రోజూ అరగంట" అన్నాను.

"తినిపించాలి కదా. ఎండాకాలం, రెండు పూటలా అడుగుతుంది."

"ఇంట్లో పెట్టి రావాల్సింది వదినా. దీవి చుట్టూ మోశావు."

"నువ్వెక్కడ అడుగుతావో నాకేం తెలుసు? ఏ బోసాలోనో అడిగితే, ఉండు, ఇంటికెళ్ళాక ఇస్తా అనమంటావా? అప్పటికి మళ్ళీ నోరు మూసుకుంటావు."

రోడ్డు పక్కన కంకర మీద కూర్చుండిపోయాను. ఎందుకు తట్టలేదో చెప్పాను. తడితే ఆయన పోయినట్టే కదా వదినా అన్నాను. తట్టకపోతే ఎక్కడో బెండు అడవిలో ఉన్నట్టే, సాయంత్రానికి వస్తాడన్నట్టే.

వదిన పిండిమీద గుడ్డ సర్దింది. తర్వాత మెల్లగా అంది.

"నీకు వాడు అడవికి వెళ్ళాడు. నాకు మాత్రం చచ్చిపోయాడు. ఎదురింట్లో పెళ్ళాం ఏడవదు, కూతురు నూరోలో ఉంది. నా తమ్ముడి కోసం ఊళ్ళో నేనొక్కదాన్నే ఏడ్చానే, ఇరవైఒక్క నెలలు. ఆ పిండిని పెట్టుకుని."

ఇది నాకెప్పుడూ తట్టలేదు. ఒక్కసారి కూడా తట్టలేదు. నా దుఃఖం నేను దాచుకున్నాననుకున్నాను కానీ, నా వాటా కూడా ఆవిడ నెత్తిన పెట్టానని తెలియదు.

ఏడ్చాం. ఇద్దరం, కారు తలుపు తెరిచిపెట్టి, పట్టపగలు. బస్సు ఒకటి పోతూ హారన్ కొట్టింది. వదిన దాన్ని తిట్టింది, తిట్టి మళ్ళీ ఏడ్చింది.

లేచాక నా నోట కృతజ్ఞత రాబోయింది. మాట మొదలుపెట్టకముందే వదిన పిండిచేత్తో నా నోరు మూసింది. "చంపుతావా దాన్ని" అంది. "ఇన్నాళ్ళు సాకాను."

మిగతా దారి సంచి నా ఒళ్ళో ఉండటానికి వీల్లేదు, నడిపేది నేను. ఆవిడే పట్టుకుంది. నేనే టోపీ తీసి ఆవిడ తలమీద పెట్టాను. ఆవిడకి పెద్దదైంది, చెవులమీద కూర్చుంది. అచ్చం తమ్ముడిలాగే ఉంది. ముప్ఫైరెండేళ్ళలో గమనించలేదు.

ఆగస్టు 27

ఇల్లు. పొయ్యి వెలిగించాను. పొగ సరిగ్గా పోలేదు, గొట్టంలో పిట్టగూడు. ఎదురింటి కిటికీలోంచి వదిన కేక. "కళ్ళు మండుతున్నాయా?"

మండుతున్నాయన్నాను.

సెప్టెంబరు 5

నిన్న కలిపిన పిండి. ఊరి ఆడవాళ్ళు ఎనిమిదిమంది బల్ల చుట్టూ. కత్తెరలు, చాకులు, ముచ్చట్లు. వదిన చేసిన పిట్టకి ముక్కు లావైంది. కోడిలా ఉందన్నాను. నీ కళ్ళకి చత్వారం అంది. రొట్టెలన్నీ పొంగాయి. ఒక్కటి కూడా కూర్చోలేదు.

దెలియాకు నిజం చెప్పాను. మొత్తం కాదు, డాక్టరు సంగతి. "కొత్తాయన" లేడని అప్పుడే తెలుసమ్మా అంది.

సెప్టెంబరు 8, ఆదివారం

పెళ్ళి నిన్న జరిగింది. తిన్నారు, తాగారు, ఆడారు. అది రాయాలంటే ఈ పుస్తకం చాలదు.

ఈ ఉదయం తలుపు తట్టిన చప్పుడు. తీయబోయి ఆగాను. తెరవకుండానే అడిగాను.

"ఎవరది?"

"దెలియాని."

"ఏ ఇంటి దెలియా?"

"చనిపోయిన బస్తియానో కూతురు దెలియాని. మిక్కెలే ఇంటికి వెళ్తున్నాను. నాకు పిండి కావాలి."

ఆగకుండా చెప్పింది. ఎవరు నేర్పారో నాకు తెలుసు, ఎదురింటి గుమ్మంలో టోపీ పెట్టుకుని నిలబడి చూస్తున్న మనిషి కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. తలుపు తీసి ముద్ద గుడ్డలో కట్టి ఇచ్చాను. దెలియా పెదాలు బిగపట్టుకుని తీసుకుంది. మాట పైకి రాకుండా అంత బిగపట్టింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏమీ అనకుండా వెళ్ళింది. నా బంగారుతల్లి.

గవీనాకి, రెండు రోజులు అన్నం పెట్టిన పెప్పినాకి, టైరు మార్చిన పేరు తెలియని ముగ్గురికి, లేదని చెప్పి పుణ్యం కట్టుకున్న విస్సెంతా అత్తకి, ఈత రాని బస్తియానోకి నా నమస్కారం. అందరికన్నా ముందు, ఇట్రియా వదినా, నా ఇంటిని నువ్వు చేతుల్లో పెట్టుకుని తిప్పావు. నువ్వు చల్లగా ఉండాలి. ఈ మాట నీతో ఎప్పటికీ అనలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పిండి వినకపోతే చాలు, దానికి చదవడం రాదు.

అయినా ఎందుకైనా మంచిది, ఈ పుస్తకం మళ్ళీ అటకమీదే పెడతాను. వంటింట్లో మాత్రం ఉంచను.